హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో నేర న్యాయం, నాయకత్వం, బహుశాస్త్ర విద్య

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడలను కలిపి జనం హైటెక్ సిటీ అంటారు. పోలీసు రికార్డుల్లోనూ, వాడుకలోనూ దీనికున్న మరో పేరు సైబరాబాద్. సాఫ్ట్‌వేర్‌కు పేరుపడ్డ ఈ ప్రాంతంలోనూ, నగరాన్ని చుట్టివచ్చే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కలా ఇంజినీరింగ్‌తో సంబంధం లేని చదువులు కూడా చాలానే ఉన్నాయి. వాటిలో మూడింటి పరిచయం ఈ వ్యాసం. మొదటిది నేరం, దర్యాప్తు, విచారణ, శిక్ష, జైలు అన్నిటినీ ఒకే వ్యవస్థగా చూసే నేర న్యాయ విద్య. రెండోది సంస్థల్ని నడిపే వాళ్లకు చెప్పే నాయకత్వ విద్య. మూడోది చరిత్ర, అర్థశాస్త్రం, భాష, తత్వం, గణన లాంటివి కలగలిపి చదివించే బహుశాస్త్ర విద్య, అంటే ఇప్పుడు అందరూ లిబరల్ ఆర్ట్స్ అంటున్నది. అమెరికాలో ఈ మూడూ తరచు ఒకే కళాశాలలో దొరుకుతాయి. హైదరాబాద్‌లో మూడింటికీ వేర్వేరు గేట్లు, వేర్వేరు ప్రవేశ పరీక్షలు, వేర్వేరు మంత్రిత్వ శాఖలు.

పేర్లు, వాటి వెనక సంగతి

పోలీసుకు కాలేజీ చదువు అవసరమని మొదట పట్టుబట్టిన వాళ్లలో అమెరికాలోని బర్క్‌లీ పట్టణ పోలీసు అధిపతి ఆగస్ట్ వోల్మర్ ఒకరు. ఆయన చొరవతో 1916లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పోలీసు పాఠాలు మొదలయ్యాయి. 1968 నాటి నేర నియంత్రణ చట్టం కింద పోలీసుల చదువుకు ఫెడరల్ నిధులు రావడంతో క్రిమినల్ జస్టిస్ విభాగాలు అక్కడ ఊరూరా వెలిశాయి. డిగ్రీ సగంలో ఆపి ఉద్యోగంలో చేరినవాళ్లు పాత క్రెడిట్లు వృథా కాకుండా పట్టా పూర్తిచేసుకునేందుకు లీడర్‌షిప్, ఇంటర్‌డిసిప్లినరీ స్టడీస్ కోర్సులు ఆ విభాగాల పక్కనే పుట్టాయి. భారతదేశంలో నేరశాస్త్రం విశ్వవిద్యాలయ గడప తొక్కింది 1959లో, మధ్యప్రదేశ్‌లోని సాగర్‌లో.

తెలుగు విద్యార్థికి బహుశాస్త్ర విద్య కొత్తదేమీ కాదు, పేరే కొత్త. ఇంటర్‌లో హెచ్‌ఈసీ, డిగ్రీలో ఈపీపీ, హెచ్ఈపీ అంటే మూడు సామాజిక శాస్త్రాలను సమాన బరువుతో చదవడమే. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి, ప్రభుత్వ పాలన తెలిసిన కుర్రవాడు డిగ్రీ మూడేళ్లలో తయారవుతాడు. అయినా హెచ్‌ఈసీ అనగానే ‘ఎంపీసీ సీటు రాలేదా’ అని అడిగే చుట్టాలు ప్రతి ఇంటికీ ఉంటారు. ఇంచుమించు అదే చదువు లిబరల్ ఆర్ట్స్ అన్న బోర్డు కింద లక్షల ఫీజుతో వస్తే ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

కొత్వాలు నుంచి అకాడమీ దాకా

ఐటీ భవనం సైబర్ టవర్స్ కట్టడానికి చాలా ముందే హైదరాబాద్‌లో న్యాయమూ చదువూ కలిసి నడిచాయి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు బోధన భాష ఉర్దూ. దానికి ముందటేడు పెట్టిన అనువాద విభాగం దారుల్ తర్జుమా ఇంగ్లిషు పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చింది, న్యాయశాస్త్రం సైతం అందులో ఉంది. ముద్దాయి, ఫిర్యాది, జప్తు, పంచనామా, జామీను లాంటి మాటలు ఈనాటికీ తెలుగు పోలీసు స్టేషన్లలో చెల్లుబాటవుతున్నాయంటే ఫారసీ, ఉర్దూ కచేరీల వారసత్వమే కారణం. అదే 1918లో రెడ్డి హాస్టల్ మొదలైంది. దాని స్థాపనకు ముందు నిలిచిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి తర్వాత 1920 నుంచి 1934 దాకా నగర కొత్వాలుగా పనిచేశారు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు తిండీ వసతీ చూపిన ఈ పోలీసు అధికారి పేరే ఇప్పుడు హిమాయత్‌సాగర్ దగ్గరున్న తెలంగాణ పోలీసు అకాడమీకి ఉంది.

దేశ స్థాయి పోలీసు శిక్షణ సంస్థ ఇక్కడ పుట్టింది కాదు. 1948 సెప్టెంబరు 15న రాజస్థాన్‌లోని మౌంట్ ఆబూలో సెంట్రల్ పోలీస్ ట్రైనింగ్ కాలేజీగా ప్రారంభమై, 1967లో నేషనల్ పోలీస్ అకాడమీ అయింది. 1974లో సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ పేరు చేరింది. 1975లో శివరాంపల్లికి తరలివచ్చింది. ఐపీఎస్‌కు ఎంపికైన ప్రతి అధికారీ ఇక్కడి మైదానంలో పరుగెత్తి, ఇక్కడి తరగతి గదిలో చట్టం, నేరశాస్త్రం, ఫోరెన్సిక్స్ చదివే జిల్లాకు వెళ్తాడు. రామంతాపూర్‌లో దర్యాప్తు అధికారులకు కేంద్ర ప్రభుత్వ డిటెక్టివ్ శిక్షణ సంస్థ, దానితోపాటు సెంట్రల్ ఫోరెన్సిక్ సైన్స్ లేబొరేటరీ ఉన్నాయి. సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ 1980ల చివర రూపొందించిన డీఎన్ఏ వేలిముద్రల పద్ధతి న్యాయస్థానాలకు చేరింది. ఆ పనికే ప్రత్యేకంగా 1996లో సీడీఎఫ్‌డీ ఏర్పడింది, ప్రస్తుతం అది ఉప్పల్‌లో ఉంది. ఇన్ని ఉన్నా ఇవేవీ ఇంటర్ పాసైన పిల్లవాడు దరఖాస్తు పెట్టుకునే చోట్లు కావు. నేర న్యాయంలో హైదరాబాద్ బలమంతా శిక్షణ సంస్థల్లోనూ ప్రయోగశాలల్లోనూ ఉండిపోయింది. విశ్వవిద్యాలయాలకు అందింది తక్కువ.

నాయకత్వ శిక్షణదీ ఇదే కథ. 1956లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా బ్రిటన్‌లోని హెన్లీ కళాశాల నమూనాను తెచ్చుకుంది. ప్రభుత్వ అధికారినీ ప్రైవేటు మేనేజరునూ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఉపన్యాసం తగ్గించి చర్చ పెంచే పద్ధతి అది. కళాశాల నెలకొన్న బెల్లా విస్టా ఒకప్పుడు నిజాం పెద్దకొడుకు ఆజం జా నివాసం. జూబ్లీహిల్స్‌లోని మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల సంస్థ ప్రభుత్వ ఉద్యోగులకు అలాంటి పనే చేస్తోంది.

కారిడార్ పుట్టుక

గచ్చిబౌలికి చదువు ముందొచ్చింది, కంప్యూటరు తర్వాత వచ్చింది. 1969, 1972 ప్రత్యేక రాష్ట్ర ఉద్యమాల తర్వాత 1973లో కుదిరిన ఆరు సూత్రాల పథకం హైదరాబాద్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం కావాలంది. అందుకోసం రాజ్యాంగంలో 371ఇ అధికరణం చేరింది. 1974లో యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ (హెచ్‌సీయూ) ఏర్పడి, అబిడ్స్‌లోని సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో తరగతులు మొదలుపెట్టింది. తర్వాత రాళ్ల గుట్టలు, చెరువులు ఉన్న 2,300 ఎకరాల ఆవరణకు మారింది. నగరానికి అంత దూరంలో ఎవరు చదువుతారని అప్పట్లో అనుకున్న నేల విలువ ఎంత పెరిగిందో 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లినప్పుడు దేశమంతా చూసింది.

1998 ఈ ప్రాంతానికి కీలకమైన ఏడు. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ గచ్చిబౌలి వైపున వెలిశాయి. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి అదే ఏడు చట్టం వచ్చింది. నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. మూడేళ్లకు, 2001 డిసెంబరులో, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ)ను కూడా ఆయనే ప్రారంభించారు. కొత్త వాడలకు కొత్త పోలీసు కావాలి కాబట్టి 2003లో సైబరాబాద్ కమిషనరేట్ వచ్చింది. 2016లో తూర్పు భాగం రాచకొండగా విడిపోయింది. ఐటీ కంపెనీలూ పోలీసులూ కలిసి 2006లో సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ పెట్టుకున్నాయి. రాత్రి షిఫ్టు క్యాబుల భద్రత, ట్రాఫిక్, సైబర్ మోసాలు లాంటి పనుల్లో అది పోలీసుకు చేదోడు.

నేర న్యాయ విద్య

శామీర్‌పేటలోని నల్సార్ ఈ రంగంలో పెద్ద దిక్కు. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి దాని కులపతి, తొలి ఉపకులపతి రణబీర్ సింగ్. ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీ కూడా ఒక విధంగా బహుశాస్త్ర చదువే. మొదటి ఏళ్లలో చరిత్ర, రాజనీతి, అర్థశాస్త్రం చదవకుండా ఎవరూ శిక్షాస్మృతి దగ్గరికి రారు. ఉద్యోగులకోసం సైబర్ చట్టాలు, పేటెంట్లు, మీడియా చట్టాల వంటి అంశాల్లో దూరవిద్య డిప్లొమాలు నడుస్తాయి. ఉరిశిక్షల మీద ఏటా గణాంక నివేదిక తెచ్చే పరిశోధన బృందం, మొదట ఢిల్లీలో ప్రాజెక్ట్ 39ఏ పేరుతో పనిచేసినది, ఇప్పుడు స్క్వేర్ సర్కిల్ క్లినిక్ పేరుతో నల్సార్‌లోనే ఉంది. ఉరిశిక్ష పడ్డ ఖైదీ బాల్యం, మానసిక స్థితి, కుటుంబ చరిత్ర సేకరించి న్యాయస్థానం ముందు పెట్టడం ఆ బృందం చేసే పనుల్లో ఒకటి. లాయరు, సైకాలజిస్టు, సోషల్ వర్కరు ఒకే ఫైలు మీద కూర్చునే ఇలాంటి చోట్లు ఈ నగరంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

హెచ్‌సీయూ దూరవిద్యా కేంద్రం క్రిమినల్ జస్టిస్–ఫోరెన్సిక్ సైన్స్, సైబర్ చట్టాలు–మేధోహక్కులు, మానవ హక్కులు లాంటి పీజీ డిప్లొమాలు ఇస్తూ వచ్చింది. ఉస్మానియాలో ఫోరెన్సిక్ సైన్స్‌లో ఎమ్మెస్సీ ఉంది. ప్రభుత్వ ప్రయోగశాలలకు వెలుపల, ఫోరెన్సిక్ నిపుణుడు కె.పి.సి. గాంధీ స్థాపించిన ట్రూత్ ల్యాబ్స్ కూడా హైదరాబాద్ సంస్థే. చేతిరాత, సంతకాల తగాదాలు తేల్చుకోవడానికి మామూలు జనం కూడా వెళ్లగలిగే చోటది.

2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టాల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చాయి. సెక్షన్ల నంబర్లన్నీ మారి, పాత నోట్సుతో చదివినవాళ్లు హత్యకు వాడే 302 అన్న సంఖ్య మరచిపోవడానికి తంటాలు పడుతున్నారు. విద్యకు సంబంధించి అసలు మార్పులు రెండు. ఏడేళ్లు, అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి, ఆ తతంగాన్ని వీడియో తీయాలి. ఇందుకు సిద్ధం కావడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల దాకా గడువుంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో జతచేసే ధ్రువపత్రంలో ఫైలు హాష్ విలువ, అంటే దాని డిజిటల్ వేలిముద్ర లాంటిది, రాయాలి. హాష్ అంటే ఏమిటో హైటెక్ సిటీలో టెస్టింగ్ ఉద్యోగం చేసే అమ్మాయికి తెలుసు, మండల స్టేషన్ రైటరుకు తెలియదు. ఛార్జిషీటు ఎలా రాస్తారో రైటరుకు తెలుసు, ఆ అమ్మాయికి తెలియదు. ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టే కోర్సుకే ఇప్పుడు గిరాకీ. ఆన్‌లైన్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 మోగని రోజు లేదు. పార్ట్‌టైమ్ ఉద్యోగమనీ, కొరియర్‌లో డ్రగ్స్ దొరికాయనీ, చట్టంలో ఎక్కడా లేని ‘డిజిటల్ అరెస్ట్’ అనీ డబ్బు గుంజేవాళ్ల వలలో ఐటీ ఉద్యోగులు కూడా పడుతున్నారు. 2023లో రాష్ట్ర సైబర్ సెక్యూరిటీ బ్యూరో మొదలుకావడానికి ఈ మోసాల పెరుగుదలే నేపథ్యం.

సాంకేతికత ఒక్కటే నేర న్యాయం కాదని గుర్తుచేసిన ఘటన కూడా సైబరాబాద్ పరిధిలోదే. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలి మీద అత్యాచారం, హత్య జరిగాయి. డిసెంబరు 6న చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో వెలుగులోకి వచ్చింది. చంపే ఉద్దేశంతోనే కాల్చారని అది నిర్ధారించి, పదిమంది పోలీసుల మీద విచారణ జరపాలని సిఫారసు చేసింది. తదుపరి చర్యల కోసం వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు చేరింది. పంచనామా ఎలా రాయాలి, సంఘటన స్థలాన్ని ఎలా కాపాడాలి, కస్టడీలో ఉన్న మనిషి ప్రాణానికి ఎవరు బాధ్యులు అన్న పాఠాలకు దీనికి మించిన పాఠ్యపుస్తకం హైదరాబాద్ విద్యార్థికి దొరకదు.

జైలు వైపు చూస్తే, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరు చెప్పుకోవాలి. 1982లో జి. రామ్‌రెడ్డి సారథ్యంలో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైన ఈ సంస్థ దుర్గం చెరువు పక్కన, ఐటీ భవనాలకు కనుచూపు మేరలో ఉంది. జైళ్లలో దాని అధ్యయన కేంద్రాలున్నాయి. చర్లపల్లి ఖైదీలు బీఏ పట్టాలు పుచ్చుకున్నారు. ఉస్మానియా సైకాలజీ ఆచార్యురాలు బీనా చింతలపూరి ఖైదీల ఆలోచనా సరళి మార్చేందుకు జైళ్ల శాఖతో కలిసి ‘ఉన్నతి’ నడిపారు. నేర న్యాయ విద్య గురించి మాట్లాడేటప్పుడు పోలీసు, లాయరు, జడ్జి గుర్తుకొచ్చినంతగా జైలు గుర్తుకురాదు.

నాయకత్వం, సత్యం

ఐఎస్‌బీ విశ్వవిద్యాలయం కాదు, డిగ్రీ ఇవ్వదు. ఏడాది పాటు సాగే పీజీపీ కోర్సుకు దొరికేది సర్టిఫికెట్టే. కెలాగ్, వార్టన్ సంస్థల తోడ్పాటుతో 260 ఎకరాల్లో పెట్టిన ఈ పాఠశాల పేరు డిగ్రీ అవసరం లేనంతగా చెల్లుతోంది. ఐఎస్‌బీకి చెందిన భారతీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ పాలసీ, పనిలో ఉన్న అధికారులకు ప్రభుత్వ విధానాల కోర్సు నడుపుతుంది. రుద్రారంలో గీతం విశ్వవిద్యాలయం ప్రారంభించిన కౌటిల్య స్కూల్ ఆఫ్ పబ్లిక్ పాలసీ 2021 నుంచి అదే రంగంలో ఉంది.

నాయకత్వ విద్యకు ఈ ప్రాంతం ఇచ్చిన అతిపెద్ద కేసు మాత్రం ఏ తరగతిలోనూ రాసింది కాదు. సత్యం కంప్యూటర్స్ అధినేత బి. రామలింగరాజు 2009 జనవరి 7న బోర్డుకు లేఖ రాసి, ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఒప్పుకున్నారు. అంతకు నాలుగు నెలల ముందే ఆ కంపెనీకి ఉత్తమ కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. ఐఎస్‌బీ డీన్ ఎం. రామ్మోహన్‌రావు, హార్వర్డ్ ఆచార్యుడు కృష్ణ పాలెపు సత్యం బోర్డులో కూర్చున్నవాళ్లే. లేఖ బయటపడ్డాక రామ్మోహన్‌రావు డీన్ పదవి వదులుకున్నారు. నాయకత్వం బోధించే బడి పెద్దకే పక్క కంపెనీ లెక్కల్లోని బొక్క కనబడలేదన్నమాట. సత్యంలో నేరం వేల నకిలీ ఇన్వాయిస్‌లలో, లేని ఫిక్సెడ్ డిపాజిట్ల రశీదుల్లో ఉంది. రాష్ట్ర సీఐడీ నుంచి సీబీఐకి వెళ్లిన కేసులో 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల శిక్ష వేసింది. వాళ్లు అప్పీలుకు వెళ్లారు, శిక్ష అమలు నిలిచింది. ఐఎస్‌బీ స్థాపక అధ్యక్షుడు రజత్ గుప్తా కూడా ఇన్‌సైడర్ ట్రేడింగ్ కేసులో 2012లో న్యూయార్క్‌లో దోషిగా తేలారు.

రామలింగరాజు గురించి పల్లెల్లో అడిగితే ఇన్నేళ్ల తర్వాతా మొదట 108 అంబులెన్సు గుర్తు చేసుకునేవాళ్లున్నారు. 2005లో ఆ సేవను మొదలుపెట్టింది ఆయనే. ఒకే మనిషిలో ఈ రెండూ ఎలా ఇమిడాయన్నది అకౌంట్స్ పుస్తకం ఒక్కటే తేల్చే ప్రశ్న కాదు, చట్టం ఒక్కటే తేల్చేదీ కాదు. సత్యం కేసు తర్వాత 2013లో వచ్చిన కంపెనీల చట్టం ఆడిటర్ల మార్పిడినీ, స్వతంత్ర డైరెక్టర్ల బాధ్యతనూ కట్టుదిట్టం చేసింది. ఫోరెన్సిక్ అకౌంటింగ్ అనే మాట సీఏ విద్యార్థుల నోట మామూలైంది.

బహదూర్‌పల్లిలో సత్యం కట్టుకున్న టెక్నాలజీ సెంటర్, కంపెనీతోపాటు మహీంద్రాల చేతికి వెళ్లింది. ఆ ఆవరణలో 2014లో ఇంజినీరింగ్ కళాశాల, 2020లో మహీంద్రా విశ్వవిద్యాలయం, ఆ మరుసటి ఏడు న్యాయ విభాగం వచ్చాయి. కంపెనీల చట్టం అక్కడ ఇప్పుడు పాఠ్యాంశం.

లిబరల్ ఆర్ట్స్

2018 ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం కింద 2020లో తెలంగాణ అనుమతించిన తొలి ఐదింటిలో మహీంద్రాతోపాటు సదాశివపేట దగ్గరి వోక్సెన్ ఒకటి. అక్కడ లిబరల్ ఆర్ట్స్, న్యాయం, మేనేజ్‌మెంట్ మూడు పాఠశాలలూ ఒకే ఆవరణలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ దారిన ముందు నడిచింది శ్రీసిటీలోని క్రియా, అమరావతిలోని ఎస్ఆర్ఎం. కంది ఐఐటీలో లిబరల్ ఆర్ట్స్ విభాగం, డెవలప్‌మెంట్ స్టడీస్‌లో ఎంఏ ఉన్నాయి. హెచ్‌సీయూ ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏలో ఇంటర్ పాసైన విద్యార్థి మొదట అన్ని సామాజిక శాస్త్రాలనూ రుచి చూసి, తర్వాత ఒకదాంట్లో స్థిరపడతాడు. ఫీజు తక్కువ. కారిడార్‌లో లిబరల్ ఆర్ట్స్ చదవగోరే మధ్యతరగతి పిల్లలకు నా దృష్టిలో ఇదే మెరుగైన దారి.

అయితే ఆసక్తికరమైన ప్రయోగం ట్రిపుల్ ఐటీది. ప్రభుత్వ భూమి, పరిశ్రమల డబ్బు, లాభాపేక్ష లేని నిర్వహణ కలిసిన ఈ సంస్థలో బీటెక్‌తోపాటు కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్‌లోనో, కంప్యూటింగ్–హ్యూమన్ సైన్సెస్‌లోనో పరిశోధనాత్మక ఎమ్మెస్ చేయొచ్చు. ప్రోగ్రాము రాసే విద్యార్థి పాణిని వ్యాకరణం, తత్వశాస్త్రం, సమాజశాస్త్రం చదవాలి. రాజీవ్ సంగల్ డైరెక్టరుగా ఉన్న కాలంలో జీవన్ విద్య అనే మానవ విలువల బోధన కూడా పాఠ్యక్రమంలోకి వచ్చింది. తెలుగు యంత్రానువాదానికి పునాది వేసిన పనిలో కొంత ఈ గదుల్లోంచే వచ్చింది.

ప్రవేశాలు

ఐదేళ్ల న్యాయవిద్యకు నల్సార్ క్లాట్ ద్వారా, రాష్ట్ర కళాశాలలు లాసెట్ ద్వారా విద్యార్థులను తీసుకుంటాయి. ఏదైనా డిగ్రీ ఉంటే లాసెట్‌తో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరొచ్చు. ట్రిపుల్ ఐటీ ద్వంద్వ పట్టాలకు యూజీఈఈ అనే సొంత పరీక్ష ఉంది. ఐఎస్‌బీకి జీమ్యాట్ లేదా జీఆర్ఈ మార్కులతోపాటు ఉద్యోగానుభవం చూస్తారు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల బీఏ సీట్లన్నీ దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల విధానంలో భర్తీ అవుతాయి.

ఐటీ ఉద్యోగులు తరచు పొరబడే విషయం ఒకటుంది. దూరవిద్యలో చదివిన ఎల్‌ఎల్‌బీని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించదు. తరగతులకు హాజరు కావలసిందే. సైబర్ చట్టంలోనో నేర న్యాయంలోనో దూరవిద్య డిప్లొమా చేతికొస్తే కంపెనీ కంప్లయెన్స్ విభాగంలోనో, దర్యాప్తు బృందాలకు సాంకేతిక సాయంలోనో పనికొస్తుంది. నల్లకోటు వేసుకుని కోర్టులో వాదించడానికి పనికిరాదు.